కొద్దిపాటి తేడాతో మన పిట్టలే

బర్మా (మయన్మార్)లోని యాంగాన్ నగరపు దక్షిణ అంచున, నదీతీరం నుంచి ఉత్తరాన పెద్దాసుపత్రి దాకా ఇమిడిపోయిన లత టౌన్‌షిప్ విస్తీర్ణం చదరపు కిలోమీటరుకు మించదు. 1852 నాటి రెండో ఆంగ్ల-బర్మా యుద్ధం తరువాత విలియం మాంట్‌గొమరీ, అలెగ్జాండర్ ఫ్రేజర్ గళ్ళుగళ్ళుగా గీసిన నగర ప్రణాళికలో ఇది పడమటి భాగం. పేర్లకు బదులు అంకెలతో పిలిచే ఇరుకు వీధులు, ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన పాత మేడలు, చైనీయుల దేవాలయాలు, చీకటి పడితే బొగ్గుల పొయ్యిల పొగ కమ్ముకునే పంతొమ్మిదో వీధి కలిసి దీన్ని నగరంలోని చైనాటౌన్‌గా నిలబెట్టాయి. వన్యప్రాణులను చూడాలనుకునేవారికి ఎవరూ సూచించని చోటు ఇది, ఎందుకంటే ఇక్కడ చెప్పుకోదగ్గ తోట కూడా లేదు. పచ్చిక మీద నడవాలనుకుంటే తూర్పుగా కిలోమీటరు పైచిలుకు సాగి, సూలే పగోడా పక్కనున్న మహాబందుల ఉద్యానానికి చేరుకోవాలి. అయినప్పటికీ బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డు నుంచి వెళ్ళిన తెలుగు మనిషికి, పిట్టలను చూడడం అంటే ఏమిటో నేర్పడానికి ఈ కిలోమీటరు దారి చాలు. అక్కడ కనిపించే ప్రాణుల్లో అధికభాగం తెలుగునాట పెరటిలో తిరిగేవే అయినా, ప్రతిదానిలో ఎక్కడో ఒకచోట కొద్దిపాటి తేడా ఉంటుంది, ఆ తేడాను పట్టుకునే చూపే ప్రకృతి పరిశీలనకు తొలిమెట్టు.

ముందుగా కాకి. పిండం పెట్టి కాకి కోసం ఆకాశంలోకి చూసే జాతికి కాకిని కొత్తగా పరిచయం చేయనవసరం లేదనిపిస్తుంది కానీ, ఊరకాకి మెడను తేరిపార చూసినవారు మనలో తక్కువ. తెలుగు ప్రాంతాల ఊరకాకికి నుదురు, రెక్కలు, తోక నల్లగా నిగనిగలాడుతూ ఉంటే, మెడ చుట్టూ, రొమ్ము మీద బూడిదరంగు పట్టీ స్పష్టంగా తెలుస్తుంది. లత వీధుల్లో చెత్తకుండీల మీదా కరెంటు తీగల మీదా గుంపులు కట్టే కాకులకు ఆ పట్టీ బాగా ముదిరి, దూరం నుంచి చూస్తే దాదాపు లేనట్టే కనిపిస్తుంది. ఎండ సూటిగా పడినప్పుడు మాత్రమే, నలుపులో కలిసీ కలవని ముదురు బూడిద ఛాయ మెడ మీద బయటపడుతుంది. ఇది వేరే జాతి కాదు, ఊరకాకిలోనే దక్షిణ బర్మాకు పరిమితమైన ఉపజాతి. ఉపజాతి అంటే, ఒకే జాతికి చెంది, తమలో తాము జతకట్టగలిగినప్పటికీ, విడివిడి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడడం వల్ల రంగులోనో కొలతలోనో నిలకడైన తేడా సంతరించుకున్న సమూహం. ఈ బర్మా కాకిని 1874లో అలన్ హ్యూమ్ విడిగా గుర్తించి ఇన్సోలెన్స్ అనే శాస్త్రీయనామం పెట్టాడు. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు ముందు నడిచిన హ్యూమ్ ఈయనే. రాజకీయాల కంటే ముందు ఆయన జీవితాన్ని నింపినవి పక్షులే.

కాకి ఉన్నచోట కోయిల ఉండక తప్పదు. కోయిల తానుగా గూడు కట్టదు, తన గుడ్లను కాకిగూటిలో పెట్టి పిల్లల పెంపకాన్ని కాకికి వదిలేస్తుంది. పక్షిశాస్త్రంలో దీనిని గూటి పరాన్నజీవనం అంటారు. అందువల్ల చెత్త పెరిగి కాకులు పెరిగిన నగరాల్లో కోయిల కూడా నిలదొక్కుకుంటుంది. వసంతగానానికి అంత మురిసిపోయే మనం దాని వెనకున్న మురికి లెక్కను గమనించము. ఏప్రిల్ నడిమి రోజుల్లో వచ్చే బర్మా కొత్తసంవత్సరపు నీళ్ళపండుగ తింజాన్‌కు కోయిల కూతనే ముందస్తు కబురుగా అక్కడివారు భావిస్తారు. ఉగాదికి కోయిలను పిలిచే తెలుగు పంచాంగానికీ ఆ పండుగకూ నడుమ ఉన్న ఎడం కొన్ని రోజులో వారాలో మాత్రమే. అదే రోజుల్లో, వేసవి ఎండల మధ్య తొలి జల్లు పడగానే పదౌక్ చెట్లు ఒక్కసారిగా పసుపుపచ్చని పూలతో విరగబూస్తాయి, ఆడవాళ్ళు వాటిని కొప్పులో తురుముకుంటారు. ఈ పదౌక్ మన శేషాచలం కొండల ఎర్రచందనానికి, కలపకూ మందుకూ పేరుపడిన వేగిసకూ దగ్గరి చుట్టం. మూడూ ఒకే ప్రజాతికి చెందిన చెట్లు.

పిచ్చుకల దగ్గర లత ఇచ్చే పాఠం ఇంకా సూక్ష్మమైనది. ఇక్కడి మేడల చూరుల్లో, దుకాణాల తెరల మడతల్లో రెండు రకాల పిచ్చుకలు కలగలిసి తిరుగుతాయి. ఒకటి మన ఊరపిచ్చుక, దాని మగపిట్ట నడినెత్తి బూడిదరంగులో ఉంటుంది. రెండోదాని నెత్తి మొత్తం ముదురు ఇటుకరంగు, తెల్లని చెంప మీద దిష్టిచుక్క పెట్టినట్టు నల్లని మచ్చ. పైగా ఇందులో ఆడమగ తేడా రూపంలో కనిపించదు. దీనిని పక్షిశాస్త్రజ్ఞులు చెట్టుపిచ్చుక అంటారు. బర్మా నుంచి చైనా, జపాన్ దాకా నగరాల్లో కాపురముండేది ప్రధానంగా ఇదే. తెలుగు నేలకు ఇది పూర్తిగా పరాయిది కూడా కాదు. హిమాలయాలకు, ఈశాన్య భారతానికి చెందినదని అందరూ అనుకునే ఈ పిట్ట విశాఖపట్నం ప్రాంతపు తూర్పుకనుమల్లో విడిగా ఒక చిన్న స్థావరం ఏర్పరచుకుని ఉందని 1970లలో విశాఖ ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, ట్రెవర్ ప్రైస్ కలిసి పక్షిశాస్త్ర లోకానికి తెలియజేశారు. చెంప మీది ఒక్క నల్లచుక్కను చూడగలిగిన కళ్ళ వల్లనే ఆ సంగతి బయటపడింది.

యాంగాన్ వీధి అమ్మకందార్లు వరికంకులను కట్టలుగా కట్టి అమ్ముతారు, కొన్నవారు వాటిని వసారా చూరుకో, కిటికీ ఊచకో, వీధిచెట్టు కొమ్మకో వేలాడదీస్తారు. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక కొత్తవరి కంకులను కుచ్చులుగా అల్లి గుడి మండపాల్లో, ఇంటి అరుగుల మీద పిచ్చుకల కోసం కట్టే ఆచారాన్ని ఎరిగినవారికి ఈ దృశ్యం తెలిసినదే అనిపిస్తుంది. గోదావరి, ఐరావతి డెల్టాలు రెండూ ధాన్యాగారాలే కావడంతో, ధాన్యంలో పిట్టవాటా తీయడం రెండుచోట్లా సహజంగానే పుట్టి ఉండవచ్చు. పరిశీలకుడికి ఈ కుచ్చు ఒక వరం. పిట్ట దాని మీద వాలి, కాళ్ళతో కంకిని బిగించి పట్టుకుని, గింజను ముక్కు అంచుల మధ్య అటూఇటూ దొర్లించి, ఊకను చీల్చి కింద రాల్చి, లోపలి బియ్యపుగింజను మింగడం రెండు మూడు గజాల దూరం నుంచి చూడవచ్చు. రెండు జాతుల పిచ్చుకలూ ఒకే కుచ్చు మీద వాలినప్పుడు నడినెత్తి రంగులను పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం ఏ పుస్తకమూ ఇవ్వలేనిది. అంత దగ్గరలో స్వేచ్ఛగా తిరిగే పక్షి తిండి తినడం ఒక మహానగరం నడిబొడ్డున ఇంత మామూలుగా సాగడం నిజంగా ఆనందించవలసిన విషయం.

లత ఉత్తరభాగంలో 1911లో పూర్తయిన యాంగాన్ జనరల్ ఆసుపత్రి ఎర్రఇటుక భవనం ఆవరణలోనూ, దాని చుట్టుపక్కల రోడ్ల వెంటా పెద్దచెట్లు మిగిలి ఉన్నాయి. నగరమంతటా నీడనిచ్చే చెట్లలో ముఖ్యమైనది నిద్రగన్నేరు, బర్మావారి కొక్కో. దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఆసియా నగరాలన్నింటా వీధిచెట్టుగా స్థిరపడిన ఈ వృక్షం గొడుగులా విస్తరించి, పొద్దుగూకగానే ఆకులు ముడుచుకుంటుంది. దాని కొమ్మల్లోని తొర్రలు, బెరడు పగుళ్ళు, వాటిలో చేరే పురుగులు ఎన్నో పక్షులకు ఆధారం. అయితే వేరు లోతుగా పాతుకోని ఈ మహావృక్షాలకు గాలివాన అంటే గండమే. 2008 మే 2, 3 తేదీల్లో ఐరావతి డెల్టాను తుడిచిపెట్టి లక్షమందికి పైగా ప్రాణాలు తీసిన నర్గీస్ తుపాను యాంగాన్‌లో వేలాది చెట్లను కూకటివేళ్ళతో పెకలించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిడికి విశాఖపట్నం ఒక్కరోజులో పచ్చదనం కోల్పోయిన తీరు చూసినవారికి, చెట్టు పోతే దాని మీద బతికే పిట్ట, ఉడుత, తొండ కూడా పోతాయనేది వివరించనక్కరలేదు. తిరిగి నాటిన మొక్క తొర్రపడే వయసుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి, తొర్రలో గూడుపెట్టే చిలుక, కంసాలిపిట్ట వంటివి ఆ నష్టాన్ని అందరికంటే ఎక్కువకాలం మోస్తాయి.

ఉడుత దగ్గర తెలుగువారు తప్పకుండా ఆగిపోతారు. రాముడి వేళ్ళ గుర్తులుగా మనం చెప్పుకునే మూడు చారలు బర్మా ఉడుత వీపున ఉండవు. యాంగాన్ తోటల్లో తిరిగే ఐరావతి ఉడుత మనదానికంటే పెద్దది, వీపంతా చారలేని ఆకుపచ్చ ఛాయ బూడిదరంగు. కొమ్మ నుంచి కొమ్మకు పారే తీరు మాత్రం మన ఉడుతదే. బల్లుల్లో ఇంటి బల్లితో పాటు టౌక్‌తే అనే పెద్దబల్లి పాతమేడల గోడపగుళ్ళలో, చెట్లతొర్రల్లో మకాం వేస్తుంది. నీలిబూడిద ఒంటి మీద నారింజరంగు చుక్కలతో, జానెడుకు మించిన పొడవుతో ఉండే ఈ ప్రాణి రాత్రివేళ తన పేరునే గట్టిగా, తెరిపి ఇచ్చి మళ్ళీమళ్ళీ పలుకుతుంది. దానిని చూడడం కంటే వినడం సులభం.

వినడం గురించి ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. నగరంలో పక్షిని ముందుగా పట్టించేది చెవి. వాహనాల రొద పుంజుకోకముందు, తెల్లవారిన తొలి గంటలో, నడకను సగానికి తగ్గించి, ఒక చెట్టు కింద కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడితే, సుత్తితో రాగిరేకును కొట్టినట్టు ఒకే లయలో సాగే కంసాలిపిట్ట మోత, పెద్దనలంచి రాగాలు, కుట్టుపిట్ట చిన్న ఒంటికి మించిన గట్టి అరుపు విడివిడిగా వినిపిస్తాయి. శబ్దం వచ్చిన దిక్కున కదలికను వెతకాలి, రంగును కాదు; ఆకుల మధ్య రంగు కళ్ళను మోసం చేస్తుంది. దుర్భిణి ఉంటే మంచిదే గాని, మహాబందుల ఉద్యానం చుట్టూ నగరపాలక భవనం, పాత హైకోర్టు వంటివి ఉన్నందున దానిని భవనాల వైపు కాక చెట్ల వైపే ఎత్తడం అన్ని విధాలా శ్రేయస్కరం.

ఆ ఉద్యానం పూర్వనామం ఫిచ్ స్క్వేర్. బ్రిటిష్ కమిషనర్ పేరుతో వెలసిన ఆ చౌకంలో విక్టోరియా రాణి విగ్రహం ఉన్నచోట ఇప్పుడు బర్మా స్వాతంత్ర్య స్తంభం నిలిచి ఉంది, 1825లో ఆంగ్లేయులతో పోరాడుతూ మరణించిన సేనాని మహాబందుల పేరు తోటకు వచ్చింది. దాని పచ్చిక మీద గోరువంకలు నడుస్తూ ఉంటాయి. వాటిలో అధికం కంటి చుట్టూ పసుపురంగు చర్మమున్న మన గోరువంకలే అయినా, వాటి మధ్య ఒక్కొక్కప్పుడు తల తెల్లబారి, కంటి దగ్గర చర్మం నల్లగా, రొమ్ము ద్రాక్షసారా ఛాయలో ఉన్న పిట్ట కనిపిస్తుంది. అది బర్మా గోరువంక. చుట్టుపక్కల పొదల్లో, నల్లతల, ఎర్రని తోకమూలంతో ఉండే మన పిగిలిపిట్టతో పాటు మరో బుల్‌బుల్ కూడా ఉంటుంది. ఒళ్ళంతా వెలిసిన గోధుమరంగు, చెవి దగ్గర సన్నని తెల్లగీతలు తప్ప అలంకారమేమీ లేని ఆ పిట్టను చాలామంది చూసీ చూడనట్టు దాటిపోతారు. ఐరావతి బుల్‌బుల్ అని పిలిచే అది ప్రపంచంలో మయన్మార్‌లో తప్ప మరెక్కడా లేని స్థానీయ జాతి అని పక్షిశాస్త్రజ్ఞులు ఇటీవలి కాలంలో నిర్ధారించారు. అరుదైనదాని కోసం అడవులు పట్టి తిరిగేవారికి, ఒక దేశానికే సొంతమైన పక్షి నగరపు కంచెపొద మీద కూర్చుని ఉంటుందనే ఊహ రాదు.

ఈ బర్మా గోరువంకకూ, ఐరావతి బుల్‌బుల్‌కూ శాస్త్రలోకంలో తొలివర్ణన ఇచ్చినవాడు ఒక్కడే, సంవత్సరమూ ఒక్కటే: థామస్ కావెర్‌హిల్ జెర్డన్, 1862. ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలిచే కలివికోడి ద్వారా ఆయన తెలుగువారికి పరిచితుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, గంజాం నుంచి నెల్లూరు దాకా పనిచేసిన జెర్డన్, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నకాలంలో యానాదుల నుంచి ప్రాణుల గురించిన ఎరుకను సేకరించాడు, తన పక్షిగ్రంథాల్లో శాస్త్రీయనామాల సరసన తెలుగుపేర్లను కూడా నమోదు చేశాడు. కోస్తా వేటగాళ్ళ నోట విన్న పేర్లను ముద్రణకు ఎక్కించిన ఆ ఓపికతోనే ఆయన 1860ల ఆరంభంలో బర్మాలోనూ తిరిగాడు. తెలుగునాట గోరువంకనూ పిగిలిపిట్టనూ ఏళ్ళ తరబడి దగ్గరగా చూసిన కన్ను కాబట్టే, ఐరావతి ఒడ్డున వాటి చుట్టాలను చూసినప్పుడు ఇవి అవి కావని గుర్తుపట్టగలిగిందని భావించడం అతిశయోక్తి కాదు.

తెలుగువారికి రంగం అనే పేరుతో తెలిసిన ఈ నగరానికి జెర్డన్ తరువాతి దశాబ్దాల్లో వేలాదిగా వచ్చినవారు ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల కూలీలు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో ఓడలెక్కి, రేవుకూలీలుగా, రిక్షా లాగేవారుగా, ధాన్యపుమిల్లుల్లో పనివారుగా ఈ నదీతీరాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. 1931 జనగణన నాటికి నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో రేవుకూలీల మీద జరిగిన దాడుల్లో చనిపోయినవారిలో తెలుగువారే ఎక్కువ. 1942లో జపాను సేనలు ముంచుకొచ్చినప్పుడు అడవుల వెంట కాలినడకన తిరిగివస్తూ దారిలో రాలిపోయినవారికి లెక్కలేదు. 1960లలో మళ్ళీ వెనుదిరిగినవారి జ్ఞాపకం విశాఖలోని బర్మా క్యాంపు పేరులో ఇప్పటికీ ఉంది. బస్తాలు మోసిన ఆ మనుషులకు పక్షులను చూసే తీరిక ఉండి ఉండదు గాని, రేవులో చిందిన ధాన్యం మీద వాలే కాకులూ పిచ్చుకలూ వారి కళ్ళముందే ఉండి ఉంటాయి. వారి చరిత్రను తలుచుకోకుండా ఈ రేవు మీద తీరికగా నడవడం న్యాయం కాదు.

అదే రేవులో అక్టోబరు, నవంబరు నెలల నుంచి మార్చి వరకు సీగల్ పక్షులు గుంపులు కడతాయి. వీటిలో ప్రధానమైనది గోధుమతల సీగల్. పేరుకు తల గోధుమరంగే అయినా, వలస వచ్చే శీతాకాలంలో ఆ రంగు పోయి తల తెల్లబడుతుంది, కంటి వెనక నల్లమచ్చ ఒకటి మిగులుతుంది; ఎగిరేటప్పుడు నల్లని రెక్కకొసల్లో తెల్లచుక్కలు మెరవడం దీని గుర్తు. టిబెట్ పీఠభూమి సరస్సుల వద్ద గుడ్లుపెట్టి, చలికాలానికి దక్షిణ తీరాలకు దిగివచ్చే ఈ జాతికి చెందిన పక్షులే కాకినాడ అఖాతంలో, కోరింగ మడఅడవుల అంచున కూడా ఆ నెలల్లో కనిపిస్తాయి. ఇలా ఏటా ఒక నియమిత కాలంలో పుట్టుచోటుకూ చలికాలపు మకాముకూ నడుమ రాకపోకలు సాగించే పక్షులను వలసపక్షులు అంటారు. దలా వైపు నదిని దాటే పడవల్లోని ప్రయాణికులు వీటికి తిండి విసరడం యాంగాన్ వేడుకల్లో ఒకటి. గాలిలోనే ముక్కను అందుకునే ఆ నైపుణ్యం చూడముచ్చటైనదే అయినా, నూనెలో వేగిన చిరుతిళ్ళు చేపలు తిని బతికే పక్షికి ఆహారం కావు, ఆ అలవాటును మాన్పించడమే మంచిది.

పుణ్యం పేరుతో జరిగే మరో పని ఇంకా బాధపెడుతుంది. పగోడాల ముంగిట పంజరాల్లో కుక్కిన పిచ్చుకలను కొని వదిలిపెట్టడాన్ని జీవితదానం అంటారు. విడుదల చేసేవారి మనసు మంచిదే. అయితే వదలడానికి పిట్ట కావాలంటే ముందు ఎవరో దానిని వలవేసి పట్టాలి, ఆ పట్టుబడిలోనూ పంజరపు ఇరుకులోనూ ఎన్నో చస్తాయి, వదిలినవి అలసి మళ్ళీ దొరికిపోతాయి. చూరుకు వరికుచ్చు కట్టే చేయీ, పంజరం తలుపు తీసే చేయీ ఒకే నగరంలో, ఒకే దయతో పనిచేస్తున్నప్పటికీ, పిట్టకు మేలు చేసేది మొదటిదే. 2017 ప్రాంతం నుంచి దో ఎయిన్ అనే సంస్థ యాంగాన్ మేడల వెనక చెత్తతో నిండిన సందులను శుభ్రపరచి మొక్కలు, బొమ్మలతో చిన్నతోటలుగా మార్చింది. పార్కులు లేని లత వంటి పేటలకు అటువంటి పని అవసరం ఎంతైనా ఉంది, ఎందుకంటే కుట్టుపిట్టకు పెద్ద అడవి అక్కరలేదు, వెడల్పాటి ఆకులున్న నాలుగు మొక్కలు చాలు.

జెర్డన్ 1862లో బర్మా నుంచి వర్ణించిన మూడో పక్షి కథ వేరు. ఏటిఒడ్డు గడ్డిమైదానాల్లో నక్కి తిరిగే ఆ చిన్న గోధుమరంగు పిట్టను మయన్మార్‌లో 1941 తరువాత ఎవరూ చూడలేదు. గడ్డినేలలు వరిపొలాలుగా మారిపోవడంతో దేశంలో అది అంతరించిందని భావించారు. 2014 మేలో బాగో ప్రాంతంలోని మిట్క్యో సమీపాన, వాడకంలో లేని ఒక పాత వ్యవసాయ పరిశోధనాక్షేత్రం చుట్టూ మిగిలిన గడ్డిలో పరిశోధకులకు ఒక కూత వినిపించింది. దానిని రికార్డు చేసి తిరిగి వినిపించగా పిట్ట బయటికి వచ్చింది, అది జెర్డన్ వర్ణించినదే. కలివికోడి సంగతీ ఇటువంటిదే: 1900 తరువాత జాడలేకుండా పోయిన ఆ పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడికి రాత్రిపూట దొరికింది, దానిని వెతుకుతున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ గుర్తుపట్టాడు. రెండు సందర్భాల్లోనూ పక్షిని వెలికితెచ్చింది, ఆ నేల మీది మామూలు కూతలూ మామూలు నడకలూ బాగా తెలిసి, వాటిలో ఒకటి మామూలుగా లేదని గ్రహించినవారే.

కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఆరంభించిన ఈబర్డ్ నమోదు వ్యవస్థలో ఇవాళ ఎవరైనా తాము నడిచిన దారిలో చూసిన పక్షులను, ఎన్ని చూశారో ఆ సంఖ్యతో సహా దాఖలు చేయవచ్చు. లత నుంచి మహాబందుల ఉద్యానం దాకా నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఒక పొద్దున నడిచేవారు కాకులను వదిలేయకుండా లెక్కపెట్టి, మెడ రంగును రాసి, పిచ్చుకల్లో నల్లచుక్క ఉన్నవెన్ని, లేనివెన్ని అనేది విడదీసి నమోదు చేస్తే, పరిశోధకులకు అవి పనికివచ్చే వివరాలే అవుతాయి.